తాళం వేసిన గడీ

తెలంగాణలో సాయుధ పోరాటం రగులుతున్న రోజుల్లో, ఒక మిత్రుని చూడడానికి కోస్తా నుండి వచ్చి జనగామలో రైలు దిగాను. అక్కడి నుండి ఎద్దులబండి ప్రయాణం. మిట్టమధ్యాహ్నం ఒక ఊరి మొదట్లో, బండి తోలుతున్న మల్లయ్య హఠాత్తుగా పగ్గాలు బిగించి కిందికి దూకాడు.

“అయ్యా, దిగుండ్రి. గొడుగు ముడువుండ్రి, చెప్పులు చేత వట్టుండ్రి. దొర గడీ ముంగట్నుంచి పోవాలె.”

ఎదుట ఎత్తైన గోడల భవనం. దాని తలుపునకు పెద్ద తాళం వేసి ఉన్నది.

“లోపల ఎవరూ లేనట్టున్నారే?” అన్నాను.

“సంఘపోళ్లకు భయపడి దొర పట్నం ఉరికి నెలాయె.”

“మరి మన చెప్పులు చూచేదెవరు?”

మల్లయ్య వెనుదిరిగి చూశాడు. కొంత దూరంలో మరొక బండి వస్తున్నది. అతడు గొంతు తగ్గించాడు.

“గాడు మా బామ్మర్ది. మనం చెప్పులేసుకొని పోయినమని, దొర మళ్లొచ్చిననాడు గాడే చెప్పాలె. దాస్తె వాని వీపు పలుగుతది. గాడు ఏసుకొని పోతె నేను చెప్పాలె. నిరుడు చెప్పిన గూడ. ఆర్నెల్లు మంచంల వడ్డడు.”

నేను బండి దిగి, చెప్పులు విడిచి చేతబట్టాను.

“మీ కాళ్లు జర కాలుతయి, ఓర్సుకోండ్రి,” అంటూ అతడు ముందుకు నడిచాడు.

కాగిన ఇసుకలో నడుస్తూ తిరిగి చూచాను. ఆ బామ్మర్ది రెప్ప వేయక మమ్మల్నే చూస్తున్నాడు. మల్లయ్య తన చెప్పులను అతనికి కనబడేటట్లు పైకెత్తాడు. ఆ దొరతో ఏ సంబంధమూ లేని నేను సైతం, ఎవరూ చెప్పకుండానే, నా చెప్పులను పైకెత్తాను.