ముందు నీళ్లు, తర్వాత మాట

మా ఎదురింటి ఖాలా మంగళవారం తెల్లవారుజామున మార్కాపురంలోని తన ఇంట్లో చనిపోయారు. పక్షవాతంతో మాట పడిపోయి కొన్ని వారాలుగా మంచంలోనే ఉన్నారు. ఖాలా అంటే పిన్ని. మా వీధిలో హిందువులూ ముస్లింలూ అందరూ ఆమెను అలాగే పిలిచేవాళ్లం.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఎవరికైనా కాదని చెప్పాల్సి వస్తే ముందు కూర్చోబెట్టి గ్లాసుతో నీళ్లిచ్చేవారు. తాగాక ఒక్క మాటలో చెప్పేవారు. గొంతు పెంచేవారు కాదు.

ఒక ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పుడు వార్డు నాయకుడి మనిషి ఒకతను డ్రమ్ములు తెచ్చి వరస ముందు పెట్టాడు.

"అన్న పంపించినాడు ఖాలా. ముందు మాకు పట్టాల."

ఖాలా అతనికి నీళ్లిచ్చారు. "అన్నకు సలాం చెప్పు నాయనా. డ్రమ్ములు మాత్రం ఎనక పెట్టు."

"ఏంది ఖాలా, నీళ్లు తాపిచ్చి మరీ తిడతాండావే?"

"తిట్టలేదు. గొంతు తడిసినోడికి కోపం తొందరగా రాదు."

వరసంతా నవ్వింది. అతనూ నవ్వి డ్రమ్ములు వెనక్కి జరిపాడు.

పక్కింటి కోడలు తన ఆడబిడ్డ ఏది అడిగినా కాదనలేక ఏడుస్తుంటే ఖాలా అన్న మాట ఇది: "కాదనేటప్పుడు కారణాలు చెప్పొద్దు తల్లీ. కారణం చెప్తే బేరం మొదలైతాది." ఆ కోడలు నేర్చుకుంది. వీధిలో చాలామంది నేర్చుకున్నారు.

నేర్చుకోనిది ఖాలా కూతురొక్కతే. దర్శిలో భర్త కొడుతుంటే పుట్టింటికి వచ్చి, ముందు గదిలో బట్టలు కుట్టుకుంటోంది. అల్లుడు తీసుకుపోవడానికి వచ్చినప్పుడు కూడా ఖాలా ముందు నీళ్లే ఇచ్చారు. తర్వాత "పంపను నాయనా" అన్నారు.

"ఆ మాట ఆమెను చెప్పమను."

కూతురు తల్లి వైపు చూసింది.

"నేను చెప్పినాను గదా," అన్నారు ఖాలా.

ప్రతిసారీ అంతే. కూతురు నోరు తెరిచేలోపు తల్లి జవాబు వచ్చేసేది. అది ప్రేమే. కానీ కూతురికి తన మాట తను చెప్పుకునే పని ఎప్పుడూ పడలేదు.

మాట పడిపోయాక ఒక సాయంత్రం ఖాలా తమ్ముడు మంచం పక్కనే కూర్చుని మేనకోడలితో అన్నాడు: "రేపు మీ అమ్మీ పోతే నీకు దిక్కెవరు? మొగుని కాడికి పో." ఆమె తల వంచుకుంది. ఖాలా కదిలే ఒక్క చేత్తో బల్ల మీది నీళ్ల గ్లాసును కూతురి వైపు నెట్టారు. దాహమేస్తోందేమో అనుకుని కూతురు ఆ నీళ్లు తల్లికే తాగించింది.

మంగళవారం ఖననం అయ్యాక నేను ఖాలా కూతురిని అడిగాను. "మీ మామకు, మీ ఆయనకు ఏం చెప్తావమ్మా?"

"ఇట్లాంటివన్నీ అమ్మీనే చెప్పేది అన్నా."

గురువారం మూడో రోజు ఫాతిహా, పోయినవాళ్ల కోసం చేసే ప్రార్థన. అది అయ్యాక కూతురి సంగతి తేల్చడానికి మేనమామ, పెద్దలు ముందు గదిలో కూర్చుంటారు. చాపలు పరచడానికి చోటు కావాలని కుట్టుమిషన్‌ను ఇప్పటికే గోడవారకు జరిపారు. ఖాలా గ్లాసు దాని మీద బోర్లించి ఉంది. అల్లుడు ఆ రోజు పొద్దున్నే దర్శి నుంచి బయలుదేరతానని ఫోన్ చేశాడు.