వీపు తిప్పినా పట్టేసే కళ్ళజోడు

ఇంట్లో టీవీ బొమ్మ ఆగిపోతే పక్కన ఒక్క దెబ్బ చరిచి బాగుచేసుకునే మనిషి, పగలంతా చాపలా చుట్టుకుపోయే టీవీని జనానికి చూపించేవాడు. బామ్మర్దులు అతనికి డెమో బావ అని పేరు పెట్టారు. నలుగురూ కలిసినప్పుడల్లా "బావా, ఈమధ్య ఏం వింతలొచ్చాయి?" అని చుట్టూ చేరేవాళ్ళు. గాల్లో తేలుతూ పాడే స్పీకరు గురించీ, పిలిస్తే తోక ఊపే మర కుక్క గురించీ తన సొంత సొమ్మన్నట్టే చెప్పేవాడు. అతని ఫోను అద్దం మూలన పగిలి ఉండేది. అందుకని దాన్ని ఎప్పుడూ బోర్లా పెట్టేవాడు.

షాపు పై అంతస్తులో పొడవాటి బల్ల వెనక పదిహేనేళ్ళుగా నిలబడి మాట్లాడే ఉద్యోగం అది. మెట్లెక్కి వచ్చే నడక చూసే, ఎవరు కొంటారో, ఎవరు తడిమి చూసి పోతారో చెప్పగలడు. తడిమి పోయేవాళ్ళని షాపువాళ్ళు తమలో తాము 'దుమ్ము తుడిచేవాళ్ళు' అనుకునేవారు. వాళ్ళ ముందు నవ్వుమొహం పెట్టడం, అటు తిరగ్గానే బిల్లింగతనితో ఓ ముక్క అని నవ్వించడం డెమో బావకి అలవాటు. ఆ ఒక్క నవ్వూ లేకపోతే సాయంత్రం దాకా కాళ్ళు నిలిచేవి కావు.

ఆ ఏడు వచ్చిన వాటిలో గొప్పది ఓ కళ్ళజోడు. అది ఎదుటివాళ్ళ మాటలు వింటుంది. విన్నది విన్నట్టు, పెట్టుకున్నవాళ్ళ కళ్ళముందు ఆకుపచ్చ అక్షరాలుగా రాస్తుంది. "పదిహేను అడుగుల దూరంలో గొణిగినా వదలదండీ. వీపు తిప్పి మాట్లాడినా పట్టేస్తుంది" అని రోజుకు ఇరవైసార్లు చెప్పేవాడు.

టైలరమ్మ దానికోసమే వచ్చింది. అరవై దాటిన మనిషి. ఎనిమిదేళ్ళ కిందట జ్వరం తగిలి రెండు చెవులూ పోయాయి. ఆవిడ కుట్టు దుకాణానికి గురువారం సెలవు. మొదటి గురువారం తోడికోడల్ని వెంటబెట్టుకొచ్చింది, రెండోసారి కోడల్ని. కళ్ళజోడు పెట్టుకుని, వాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని, షాపు ఇచ్చే పది నిమిషాలూ వాళ్ళ మాటలు చదువుకుని, "మంచి వస్తువు బాబూ" అని లేచేది. ధర మాత్రం అడిగేది కాదు.

మూడో గురువారం భర్తని తెచ్చింది.

"ఏం మాట్లాడను?" అని ఆయన సిగ్గుపడ్డాడు.

"ఏదో ఒకటి. ఎనిమిదేళ్ళుగా నా వెనక గొణుగుతూనే ఉన్నారుగా," అంది ఆవిడ, తన గొంతు తనకి వినపడని మనుషుల పెద్ద గొంతుతో.

ఆయన చుట్టూ చూసి, "మొన్న నీ మెషీన్ సూది విరగ్గొట్టింది నేనే. పిల్లి మీద పెట్టాను" అన్నాడు.

ఆవిడ చదివి విరగబడి నవ్వింది. "ఆ సంగతి పిల్లి ఎప్పుడో చెప్పింది లెండి!"

పది నిమిషాలు దాటాయి. ఆయన లేచి అవతలి మూలన మర కుక్క దగ్గరికి వెళ్ళాడు. డెమో బావ నాలుగడుగుల్లో ఉన్న బిల్లింగు కౌంటరు వైపు తిరిగాడు.

"ఏం అన్నా, ఇవాళైనా బేరం తెగేనా?" అన్నాడు బిల్లింగతను.

"బేరమా! ఈవిడ కొనేలోపు ఆ కళ్ళజోడుకే చత్వారం వస్తుంది. వారానికో చుట్టాన్ని తెచ్చి ఊరికే మాట్లాడించుకుపోతోంది. వచ్చేవారం ఆ పిల్లిని కూడా తెస్తుంది చూడు."

బిల్లింగతను పగలబడి నవ్వాడు. ఆ నవ్వులోనే డెమో బావ వెనక్కి తిరిగాడు. ఆవిడ కళ్ళజోడు ఇంకా తీయలేదు. అద్దాల లోపల ఆకుపచ్చ వెలుగు కదులుతోంది.

చెవిటి మనిషి దగ్గర ఏమన్నా ఫర్వాలేదన్నది లోకంలో పాత ధీమా. ఆ ధీమాని చెరిపేసే వస్తువునే తాను అమ్ముతున్నానని అతనికి ఆ క్షణం దాకా తట్టలేదు.

ఆవిడ కళ్ళజోడు తీసి, చేతిరుమాలుతో అద్దాలు తుడిచి, బల్లమీద పెట్టింది.

"మీరు చెప్పినట్టే ఉంది బాబూ. వీపు తిప్పినా పట్టేసింది." ఈసారి చాలా మెల్లిగా అంది.

సోమవారం ఉదయం మీటింగులో మేనేజరు ఓ చీటీ చదివాడు. గురువారం వెళ్తూ వెళ్తూ టైలరమ్మ భర్త రాసిపెట్టి వెళ్ళాడట: 'వినపడని నా భార్యతో ఎంతో ఓపికగా, గౌరవంగా నడుచుకున్నారు.' అందరూ చప్పట్లు కొట్టారు. బిల్లింగతను అందరికంటే గట్టిగా కొట్టాడు. డెమో బావకి తల కొట్టేసినట్టయింది. "పొగిడితే ఎంత సిగ్గో చూడండి" అన్నాడు మేనేజరు.

తన సెలవు రోజున, డెమో రిజిస్టరులో రాసుకున్న చిరునామా పట్టుకుని ఆవిడ దుకాణానికి వెళ్ళాడు. వట్టి చేతులతో వెళ్ళడానికి మొహం చెల్లక, పొద్దున్నే ఓ మంచి చొక్కాకి బొత్తాం కత్తిరించి, ఆ చొక్కా వెంట తీసుకెళ్ళాడు.

మెషీన్ పక్కన దారంతో వేలాడే పెన్సిలూ, నోటుపుస్తకమూ ఉన్నాయి. వచ్చినవాళ్ళు అందులో రాసి చూపించాలి. మాటలమ్ముకుని బతికే మనిషి చేత్తో రాసి ఎన్నేళ్ళయిందో! అక్షరాలు వంకర్లు పోయాయి. 'ఆ రోజు నేనన్న మాటలు చాలా తప్పు. మన్నించండి.'

ఆవిడ చదువుతుండగానే లోపలినుంచి భర్త వచ్చాడు.

"సారొచ్చారే! కూర్చోండి, కూర్చోండి. ఆ పది నిమిషాలూ మా ఇంట్లో వారం రోజులు నడిచాయండీ. ఇంకా ఆ పిల్లి సంగతే తలుచుకుని నవ్వుకుంటున్నాను. ఏంటి, ఏదో రాశారు?" అంటూ పుస్తకానికి చెయ్యి చాపాడు.

ఆవిడకి ప్రశ్న వినపడలేదు గానీ చెయ్యి కనపడింది. పుస్తకం ఒళ్ళోకి లాక్కుని, "బొత్తాం ఊడిందట" అంది.

ఆయనకి వినపడుతుంది, ఆవిడకి వినపడదు. నిజం చెప్పెయ్యడానికి ఇంతకంటే అనువు దొరకదు. డెమో బావ నోరు తెరిచాడు.

"అవునండీ, బొత్తామే," అన్నాడు.

ఆవిడ చొక్కా అందుకుని, బొత్తాం ఉండాల్సిన చోట మిగిలిన దారపు మొనలు చూసింది. సమంగా తెగి ఉన్నాయి. ఓసారి అతని మొహంలోకి చూసి, కొత్త బొత్తాం కుట్టింది. దారం కొరికి, అటు తిరిగి నిదానంగా చొక్కా మడతపెట్టి ఇచ్చింది.

బస్సులో కూర్చున్నాక ఆ మడత చొక్కా జేబులో కాగితం తగిలింది. నోటుపుస్తకంలోంచి చింపిన పేజీ. అతని వంకర రాత కింద పొందికైన అక్షరాలు: 'ఆయనకి ఏమీ తెలీదు. తెలియనివ్వకండి. మళ్ళీ రమ్మంటారా అని ఫోన్ చేస్తే, రండి అనండి. రానని నేనే చెప్పుకుంటాను.'

బుధవారం మధ్యాహ్నం అతని ఫోను మోగింది.

"సార్, రేపు మమ్మల్ని రమ్మంటారా?"

కళ్ళజోడు బల్లమీద ఎదురుగానే ఉంది.

"రండి," అన్నాడు డెమో బావ.

"తప్పకుండా వస్తాం సార్. మా ఆవిడ ఎంత సంబరపడుతుందో మీకు తెలీదు."

కౌంటరు వెనకనుంచి బిల్లింగతను మెడ చాపాడు. "ఎవరు అన్నా, పిల్లి వస్తోందా?" అని నవ్వడం మొదలుపెట్టి, ఇవతలి నవ్వు కోసం చూశాడు.

డెమో బావ ఫోను బోర్లా పెట్టాడు.