అబూ ఫహద్ వీపు, యాదగిరి సార్ కప్పు

శుక్రవారం ఉదయం ఏడింటికి దమ్మాంలో ఖఫ్జీ బస్సెక్కాను, యాదగిరి సార్ ఆఖరి మ్యాచ్ చూడ్డానికి. విదేశీ పనివాళ్ల మీద సౌదీ లెవీలు పెరిగాక కంపెనీ ఆయనకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించింది, అంటే ఇక ఇంటికే. విమానం మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకు. కరీంనగర్‌లో మా కాలేజీ మొట్టమొదటి ఫుట్‌బాల్ జట్టులో ఆయన రైట్ వింగ్. ముందు జట్టు వచ్చింది, బంతి మరుసటి ఏడాది వచ్చింది. ఖఫ్జీలో కంపెనీ స్టోర్‌కీపర్‌గా ఉంటూ లేబర్ క్యాంపు జట్టుకు కోచ్, లీగుకు సెక్రటరీ అయ్యాడు. కోచ్‌గా కప్పు మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు.

పక్క సీట్లో ఆ క్యాంపు జట్టు ఆటగాడే, జగిత్యాల వెల్డర్ నర్సయ్య. జుబైల్‌లో రిఫైనరీ షట్‌డౌన్ పని ముగించుకుని వస్తున్నాడు.

"ఇవాళైనా గెలుస్తారా?"

"గెలువకున్నా మంచిగనే ఓడుతం అన్నా. అలవాటున్నది."

పదకొండున్నరకు దిగి మెస్సులో తిన్నాం. నర్సయ్య ఖబ్సా మాంసం అన్నంలో పప్పు కలుపుకున్నాడు. ఎవరి అభిరుచి వారిది.

నాలుగింటికి ఫైనల్. ఎదుటి మలయాళీ జట్టు కెప్టెన్ ఒక సౌదీ కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చి ఒక కాగితం చూపించాడు: ప్రతి జట్టులో ఒక సౌదీ ఆడాలి. కంపెనీల్లో ఇంతమంది సౌదీలుండాలని నితాఖత్ చట్టం వచ్చిన ఏడు, మైదానానికి అనుమతి కోసం సార్ రాసిన రూలే. కొన్ని కంపెనీల్లాగే జట్లన్నీ ఒక పేరు రాసుకుని ఊరుకున్నాయి. సార్ జట్టు రాసుకున్న పేరు క్యాంపు గేటు కాపలా అబూ ఫహద్. ఇన్నేళ్లూ ఫొటోకి మాత్రం వచ్చేవాడు.

"లేకపోతే కప్పు మాదే. రూల్ ఆప్‌కా హై, సార్," అన్నాడు కెప్టెన్.

సార్ తన సంతకాన్ని ఎవరిదో అన్నట్టు చూశాడు. ఈలోగా అబూ ఫహద్ తన పొడుగు తోబు అంగీ నడుం దాకా ఎగగట్టి, లోపలి తెల్ల పైజామాతో దిగిపోయాడు.

"ఉధర్ ఖడే రహో. బస్," అన్నాడు సార్. అంత స్పష్టమైన వ్యూహం ఆయన ఎన్నడూ ఇవ్వలేదట.

చివరి నిమిషం దాకా సున్నా-సున్నా. నర్సయ్య కార్నర్ కొట్టాడు. గోలు ముందు అటు తిరిగి, ఇంటికి ఏం కూరగాయలు తేవాలో ఫోన్లో కనుక్కుంటున్న అబూ ఫహద్ వీపుకు తగిలి బంతి లోపలికి పోయింది.

"ఫోన్ మే గోల్?" కెప్టెన్ అరిచాడు.

సార్ రూల్స్ నాలుగు పేజీలూ తిరగేశాడు. "ఫోన్ కా రూల్ నహీ హై భాయ్."

ముందు నవ్వింది కెప్టెనే. తర్వాత రెండు జట్లూ కలిసి అబూ ఫహద్‌ని ఎత్తుకున్నాయి. ఆయన ఫోన్ పెట్టలేదు.

ఆరున్నర బస్సుకు సార్ నాతోనే బయల్దేరాడు. సూట్‌కేసులో చోటున్నా కప్పు ఒళ్లోనే ఉంది. ఊరు దాటకముందే సార్‌కు ఫోను. అబూ ఫహద్.

"కోచ్! కల్ ప్రాక్టీస్ కితనే బజే?"

ఇన్నేళ్లలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. సార్ కిటికీలోంచి ఇసుకను చూశాడు.

"చార్ బజే."

"సార్, మీ విమానం మూడున్నరకు కదా?" అన్నాను.

"ప్రాక్టీసుకు రావాల్సింది ఆయన గద," అన్నాడు సార్, కప్పు మీద దుమ్ము తుడుస్తూ.