పద్దెనిమిదో గీత

పోయిన ఏడు పాడేరు పైనున్న ఒక కొండ ఊరి తేనెంతా వెనక్కి వచ్చింది. కొనే కంపెనీ మనిషి రవిబాబు చేతిలో, తేనెలో నీరు నూటికి ఎంతుందో చూపే ఒక చిన్న గొట్టం. దాని అద్దం మీద తేనెచుక్క వేసి, వెలుతురు వైపు పెట్టి చూశాడు.

"ఇరవై నాలుగు. నీళ్ళు కలిపారు."

కంపెనీ తేనెను పొడి చేసి, బలానికి మింగే క్యాప్సూళ్ళలో నింపుతుంది. నీరు ఇరవై గీత దాటితే తీసుకోదు.

అందరూ ఊరుకున్నారు. వాళ్ళలాగే తేనెటీగల్ని పెంచే దేముడమ్మ ఊరుకోలేకపోయింది. కలపని నీళ్ళు కలిపిందనిపించుకుని ఎలా బతకడం?

ఆ నీళ్ళు ఎక్కడివి? తేనెపెట్టెల దగ్గర కూర్చుని రోజుల తరబడి చూసింది. పూలరసం పల్చగా వస్తుంది. ఈగలు రెక్కలతో విసిరి విసిరి దాన్ని చిక్కబరుస్తాయి. చిక్కబడ్డాకే పట్టులోని గదికి మైనం మూత వేస్తాయి. ఊళ్ళో వాళ్ళు మూత పడ్డవీ పడనివీ కలిపి పిండేవారు. ఆమె కూడా అంతే. తప్పు అక్కడుంది.

ఈసారి వలిసె చేలు పూసి లోయంతా పసుపెక్కినప్పుడు, మూత పడ్డ మేరకే పట్టు కోసింది. పిండలేదు. గుడ్డలో వేలాడగట్టి కారనిచ్చింది.

మేనమామ కొడుకు భీమన్న నవ్వాడు. "సగం ఈగలకే వొగ్గీసినావు. ఏటి సేత్తన్నావే? ఆటికి మేనత్తవా?"

"అవును బావా. అందుకే నన్ను కుట్టవు. నీ ముక్కు సూసుకో, వంకాయలా వాసింది."

రవిబాబు వచ్చేసరికి డబ్బాలో తేనె నెయ్యిలా పేరుకుని ఉంది.

"ఈసారి పంచదారా?" అన్నాడు.

"వలిసె తేనె ఇలాగే పేరుకుంటాది బాబూ. బేగి నీ గొట్టం తియ్యి."

గిన్నెడు తేనె తీసి, ఆ గిన్నెను గోరువెచ్చని నీళ్ళలో నిలబెట్టింది. కరిగాక చుక్క తనే వేసింది.

అతను చూశాడు. అద్దం తుడిచి మళ్ళీ చూశాడు.

"పద్దెనిమిది," అన్నాడు. "పోయినేడు తొందరపడి అన్నానమ్మా. మీరు నీళ్ళు కలపలేదు."

"గట్టిగా సెప్పు బాబూ. మా బావకి సెవుడు."

గట్టిగానే చెప్పాడు. భీమన్న వచ్చి గొట్టం కంటికి పెట్టుకున్నాడు.

"ఏటీ అవుపడదేటి?"

"అటు కాదు బావా, ఇటు."

గొట్టం ఊరంతా చేతులు మారింది. చివరికి దేముడమ్మ దగ్గరికి వచ్చింది. పైన నీలం, కింద తెలుపు, మధ్యన పద్దెనిమిది దగ్గర గీత.

కంపెనీ జీపు హారన్ కొట్టింది. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.