మూసినా వినిపించిన చరణాలు

మా చర్చి సంఘంలో పాట అందించేది ఒక అత్తయ్య. బంధువు కాదు, మా అమ్మ కలిపిన వరస. అందించడమంటే, పుస్తకం లేనివాళ్ల కోసం ఒక్కో పంక్తీ ముందు తను చెబుతుంది, వెనక అందరూ పాడతారు. ఆవిడ ఏం చెబితే అదే పాడతారు. అర్థం చూసుకునే తీరిక ఎవరికీ ఉండదు.

ఆవిడకు చూపు లేదు. పాత పాటలన్నీ నోటికి వచ్చు. నాగాయలంక దగ్గర ఒక పెళ్లికి ఒప్పుకున్నాక తెలిసింది, పెళ్లికూతురు కోరింది కొత్త పాటని. అది సంఘం వెబ్‌సైట్‌లో ఉంది. ఆ సైట్ కట్టినవాడు వేరే ఉద్యోగానికి వెళ్తూ పాస్‌వర్డ్‌తో పాటు పాపాలూ నాకే అప్పగించాడు.

బందరులో ఆఫీసులో ఉండగా ఆవిడ ఫోన్ చేసింది.

“అబ్బాయ్, ఈ పాటలో పెళ్లికూతుర్ని మూడో చరణానికే మట్టిలో పెట్టేస్తున్నారేంటి?”

శనివారం పెళ్లినాటికి ఆ పాట రాకపోతే కీబోర్డు వాయించే ఆయన అందిస్తానంటున్నాడట. ఆయన గొంతు మీరు వినలేదు కాబట్టి ప్రశాంతంగా చదువుతున్నారు.

పేజీ తెరిచాను. అందులో పాటల పేర్లే కనిపిస్తాయి, నొక్కితే చరణాలు విచ్చుకుంటాయి. మూసిన చరణాలను కట్టినవాడు నిజంగా దాచలేదు, ఎత్తు సున్నా చేసి వదిలేశాడు. కళ్లున్నవాళ్లకి అవి లేనట్టే. తెర మీదున్నది పైకి చదివి వినిపించే అత్తయ్య ఫోన్‌కి అన్నీ ఉన్నట్టే. పైగా మా పాటలకు మొదటి పంక్తే పేరు, కాబట్టి చెవికి పేరు కూడా ఇంకో పంక్తిలాగే ఉంటుంది. అందుకే ఫోన్ పెళ్లి పాట రెండు చరణాలు చదివి, ఊపిరైనా తీసుకోకుండా కిందున్న సమాధి పాటలోకి దిగిపోయింది.

నా ఫోన్‌ని కూడా పైకి చదివేలా పెట్టి, తెర నల్లగా చేసి, చెవులతోనే పేజీ అంతా తిరిగాను. రెండుసార్లు తప్పిపోయి క్రిస్మస్ పాటల్లో తేలాను. తర్వాత ప్రతి పేరునూ అసలైన బటన్‌గా మార్చాను, తెరిచి ఉందో మూసి ఉందో ఫోన్‌కి తెలిసేలా చేశాను, మూసినవాటిని నిజంగానే దాచాను. “బటన్, కుదించబడింది” అంది ఫోన్. నొక్కాను. “విస్తరించబడింది.” కుర్చీలోంచి ఎగిరి లేచాను. పక్క సీటాయన కరెంటు షాకేమోనని ప్లగ్గు వైపు చూశాడు.

అత్తయ్య కూడా విని మెచ్చుకుంది, తన పద్ధతిలో.

“బానే ఉంది గానీ, విస్తరించబడటమేంటి, కలెక్టరాఫీసులో లాగా? తెరుచుకుంది అంటే పోలా?”

పెళ్లిలో కొత్త పాట సజావుగా సాగింది. పెళ్లికూతురు చివరి చరణం దాకా క్షేమంగా ఉంది. అంతలో మగపెళ్లివారు ఇంకో పాట అడిగారు. ఆవిడకు రాగం తెలుసు, మాటలు రావు. కీబోర్డాయన గొంతు సవరించుకున్నాడు.

ఆవిడ ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఫోన్ మీద వేలు జరిపి, ఒకచోట నొక్కింది. తర్వాత పంక్తి అందించింది. ఫోన్ ఆవిడకి అందిస్తోంది, ఆవిడ ఊరికి అందిస్తోంది. పందిరంతా పాడుతోంది. నేను కూడా పాడేశాను, నా గొంతు గురించి ముందే హెచ్చరించాల్సింది.

ఆ పాటకు ఏడు చరణాలు. ఆవిడ ఒక్కటీ వదల్లేదు. బిర్యానీ చల్లారిపోయింది. దానికి కారణం ఎవరో తెలియక జనం నన్నేమీ అనలేదు.