చెక్కులు ఆగిపోయిన నెల

గచ్చిబౌలిలోని ఆ గాజు బిల్డింగుకి నెలకోసారి చెక్కు తెచ్చుకోవడానికి వెళ్ళేదాన్ని. మాది బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డు. ఆఫీసుల్లో సీలింగు పైన వైర్లు పరుచుకోవడానికి వేసే ఇనుప ట్రేలు చేసేవాళ్ళం. ఆ ఐటీ కారిడార్‌లో ఎన్ని అంతస్తుల్లో మా ట్రేలు ఉన్నాయో నాకే తెలియదు. వాటి కింద కూర్చుని పనిచేసేవాళ్ళకి అసలే తెలియదు. షెడ్డులో పని చేయించడం మా ఆయన వంతు, బయటి తిరుగుడు నా వంతు. ఆఫీసుల వాళ్ళ ముందు ఆయనకి నోరు పెగలదు. నాకు కావలసిన దానికన్నా ఎక్కువే పెగులుతుంది.

గేటు దగ్గర ఫోటో తీసి మెడలో కార్డు వేసేవాళ్ళు. వెళ్ళిన ప్రతిసారీ బ్యాగులో లాప్‌టాప్ ఉందా అని అడిగేవాళ్ళు. నా బ్యాగులో టిఫిన్ డబ్బా, మా షెడ్డు రబ్బరు స్టాంపు తప్ప ఏమీ ఉండేవి కావు. పైకి వెళ్ళి, సంతకం పెట్టి, స్టాంపు కొట్టి, కవరు తీసుకుని వచ్చేదాన్ని. దారంతా బ్యాగు ఒళ్ళోంచి దించేదాన్ని కాదు.

చెక్కు షెడ్డుకి వచ్చాక మా ఆయన ముందు దాన్ని రేకు వంచే మిషను పక్కన ఉన్న వెంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టేవాడు. తర్వాత వెల్డర్‌ని పిలిచి చేతికిచ్చేవాడు. ఆ వెల్డర్ మెదక్ వైపు మనిషి, షెడ్డు పెట్టిన రోజు నుంచీ మాతో ఉన్నాడు. పల్చటి రేకుకి చిల్లు పడకుండా అతుకు వేయడం అతని చేతికి వచ్చినట్టు మాకు దొరికిన ఇంకెవరికీ రాలేదు. అతను చేతులు ప్యాంటుకి తుడుచుకుని, అంకెలు చదివి, మిగిలిన వాళ్ళకి తల ఊపేవాడు. ఇక ఆ వారం జీతాల గురించి ఎవరూ అడిగేవారు కాదు.

ఆ చెక్కు పట్టుకుని నేను సందు చివర ఉన్న చిన్న సహకార బ్యాంకుకి వెళ్ళేదాన్ని. మాకు ఇంకో పెద్ద బ్యాంకులో కూడా ఖాతా ఉంది, మిషను కొన్న అప్పు అక్కడిదే. కానీ చెక్కు ఎప్పుడూ చిన్న బ్యాంకులోనే వేసేవాళ్ళం. ముందు పనివాళ్ళకి, తర్వాత రేకులిచ్చిన డీలరుకి, ఆ తర్వాత పెద్ద బ్యాంకు కిస్తీకి, అదీ మా వరుస. ఇందులో దొంగతనం ఏమీ లేదు. ఆలస్యమైనప్పుడు వడ్డీతో కట్టాం. కడుపు ముందా కిస్తీ ముందా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ అదే చెబుతాను.

ఆ నెల వెళితే అకౌంట్స్‌లో కూర్చునే కోస్తా కుర్రాడు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఇకనుంచి చెక్కులు లేవండి మేడమ్. డైరెక్టుగా మీ ఖాతాలో పడిపోతాయండి. మీరింత దూరం రానక్కర్లేదు."

ఏదో బహుమతి ఇస్తున్నట్టు చెప్పాడు. నేనూ సంతోషించి, చిన్న బ్యాంకు వివరాలు రాసిచ్చాను. అతను టైపు చేశాడు, మళ్ళీ చేశాడు.

"ఈ బ్యాంకు మా సిస్టంలో రావట్లేదండి. ఇంకోటి ఏమైనా ఉందాండి?"

"ఇన్నాళ్ళూ మీ చెక్కులన్నీ ఆ బ్యాంకులోనే మారినాయి కదా బాబూ. ఈ ఒక్కసారికీ చెక్కు ఇచ్చేయ్."

"చెక్‌బుక్కులే తిరిగి ఇచ్చేశామండి."

పై అధికారిని చూస్తానన్నాను. ఆవిడ మీటింగులో ఉన్నారన్నారు. కూర్చున్నాను. భోజనాలకి వెళ్ళినవాళ్ళు వెళ్ళారు, వచ్చినవాళ్ళు వచ్చారు, ఆవిడ మీటింగు అవలేదు. చివరికి ఆ కుర్రాడే గొంతు తగ్గించి, ఇవాళ ఖాతా నంబరు ఇవ్వకపోతే మా బిల్లు వచ్చే నెలకి పోతుందని చెప్పాడు. వాడి మీద నాకు కోపం లేదు. కోపం చూపించడానికి అక్కడ మనిషంటూ వాడొక్కడే దొరికాడు, అందుకని వాడి మీదే అరిచాను.

మా ఆయనకి ఫోన్ చేశాను. అప్పటికే పెద్ద బ్యాంకుకి రెండు కిస్తీలు ఆగి ఉన్నాయి, డబ్బు అక్కడ పడితే ముందు వాటికే పట్టుకుంటారని భయం. వెల్డర్‌కి మూడు వారాల జీతం బాకీ. కిరాయి కట్టలేదని అతని ఇంటి ఓనరు ఆదివారానికల్లా గది ఖాళీ చేయమన్నాడు. శనివారం తప్పకుండా ఇస్తానని మా ఆయన మాటిచ్చాడు.

"ఇంకేం జేస్తాం, పెద్ద బ్యాంకుదే ఇచ్చేయ్. మేనేజరుతో నేను మాట్లాడతా, ఒక్క వారం ఆగరా?" అన్నాడు ఆయన.

వెళ్ళి మాట్లాడాడు కూడా. మేనేజరు "చూద్దాం" అన్నాడట. మా ఊరి వైపు అప్పిచ్చేవాడు చూద్దాం అంటే ఒప్పుకున్నట్టే. మేమిద్దరం అలాగే అనుకున్నాం, ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాం.

శనివారం భోజనాల వేళకి మా ఆయన ఫోన్ మోగింది, మెసేజ్. డబ్బు పడింది. ఆయన అలవాటు కొద్దీ ఫోన్‌ని పటం ముందు పెట్టి, తర్వాత వెల్డర్ చేతికిచ్చాడు. అతను అంకెలు పైకి చదివాడు. మిషన్లు ఆపేశారు. మా ఆయన టీలు చెప్పాడు. నేను డబ్బు తేవడానికి బ్యాంకుకి బయలుదేరాను. ఎంత సంతోషంగా వెళ్ళానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కౌంటరులో అమ్మాయి ఖాతాలో ఏమీ లేదంది. మేనేజరు దగ్గరికి వెళ్ళాను. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, స్క్రీను నా వైపు తిప్పాడు. ఆగిన కిస్తీలు, వాటి మీద వడ్డీ, జరిమానా. డబ్బు పడిన నిమిషంలోనే బ్యాంకు దాన్ని వీటన్నిటికీ సరిపెట్టేసుకుంది.

"ఆటోమేటిక్‌గా అయిపోతుంది మేడమ్. మా చేతుల్లో ఏమీ ఉండదు."

"మరి ఎవరి చేతుల్లో ఉంటుంది, చెప్పండి, వాళ్ళ దగ్గరికే పోతా" అన్నాను.

షెడ్డుకి వచ్చేసరికి అందరూ చేతులు కడుక్కుని, తలలు దువ్వుకుని కూర్చున్నారు. విషయం చెప్పాను. మా ఆయన ఫోన్ తీసి, బ్యాంకు డబ్బు కోసుకున్నట్టు వచ్చిన రెండో మెసేజ్ వెతికి వెల్డర్ ముందు పెట్టాడు. అతను ఫోన్ ముట్టుకోలేదు.

"పైసలు వచ్చినయ్ గద సేట్. నేనే సదివిన."

"వచ్చినాయప్పా. బ్యాంకోళ్ళు పట్టుకున్నారు."

"బ్యాంకు మీదే, అప్పు మీదే. మీ అప్పుల కట్టుకున్నరు. గవి మా కష్టం పైసలే గద."

"నేను కట్టలేదు. వాళ్ళే తీసుకున్నారు."

"ఎట్లైతేంది సేట్. రేపు నేను సామాను బయట పెట్టుకోవాలె."

అతను గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ మాట అందుకునేదాన్ని. పక్క షెడ్డులో చేబదులు తీసుకుని, నా బ్యాగులో ఉన్నది కలిపి ఇచ్చాను. అతనికి రావలసిన దాంట్లో సగం కూడా కాదు. లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు. సోమవారం రాలేదు, తర్వాత కూడా రాలేదు. ఇంకొకడితో చేయిస్తే రేకులన్నీ చిల్లులు పడ్డాయి. కంపెనీ ఆర్డరు రద్దు చేసుకుంది. మిగిలిన పనివాళ్ళు ఒక్కొక్కరే వేరే షెడ్లలో చేరారు. ఎండాకాలం వచ్చేలోపు మేము తాళం పెట్టేశాం.

మిషను అమ్మితే బ్యాంకుకి పోగా కొంచెం మిగిలింది. ముందు వెల్డర్‌కి ఇవ్వాలని మా ఆయన పట్టుబట్టాడు. అడగ్గా అడగ్గా ప్రగతి నగర్ చెరువు అవతల కడుతున్న ఒక అపార్ట్‌మెంటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడని తెలిసింది. ఆ చేతులతో గేటు తీశాడు. అతని భార్య మాకు కుర్చీలు వేసింది. మా ఆయన కవరు ఇచ్చాడు.

"గిప్పుడెందుకు సేట్, మీరే పరేషాన్‌ల ఉన్నరు" అంటూనే తీసుకున్నాడు. టీ తాగాక మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"గప్పుడు మీకు అవసరం పడ్డది, వాడుకున్నరు. నేనేం మనసుల పెట్టుకోలే."

నేను నోరు తెరిచాను. వాడుకోలేదయ్యా, మా చేతికి రూపాయి రాలేదని చెప్పబోయాను. మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అతనికి దండం పెట్టి లేచాడు.

చెరువు కట్ట మీద మా ఆయన బండి ఆపాడు. నేను వెనకే కూర్చున్నాను.

"తిట్టింటే మనం చెప్పుకునేదానికి ఉండేది. ఆయప్ప క్షమించేసినాడు" అన్నాడు. "ఇంక ఎవురికని చెప్పుకోవాల?"