పోని తిమ్మిరిని పట్టుకున్న పెద్దవ్వ

పెద్దవ్వ గత బుధవారం ఉదయం ఆరుంబావుకు మెట్‌పల్లిలో చనిపోయింది. గుండెపోటు. వయసు డెబ్బై ఒకటి. ఆమె మా అవ్వకు, అంటే అమ్మకు, అక్క. యాభై ఏళ్లకు పైగా బీడీలు చేసింది. నాకు ఫోన్ చేసి చెప్పింది పక్కింటి కోడలు లావణ్య. "పెద్దవ్వ పోయిందన్నా" అని, "నేను వాకర్ పట్టుకొని వాళ్లింటికి నడిచి పొయ్యేసరికే అంతా అయిపోయింది" అంది.

ఏడు వారాల కిందట లావణ్య కాలి వేలు కూడా కదల్చలేకపోయింది. ఆమె పక్కింటి దాకా నడిచిందన్న మాట చావు కబురులో కూడా నాకు విడిగా వినిపించింది. పెద్దవ్వే ఉంటే "ఎన్ని అడుగులేసినవే?" అని ముందు అదే అడిగేది. అందుకే ఇక్కడ ఆ సంగతే ఎక్కువ రాస్తున్నాను.

బీడీలు చేసే ఆడవాళ్లు పొద్దున కాళ్లు మడిచి, ఒడిలో చాట పెట్టుకుని కూర్చుంటే మళ్లీ లేచేది మధ్యాహ్నానికే. కాళ్లు తిమ్మిరెక్కడం వాళ్లకు రోజూ ఉండేదే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఇరవై ఏళ్ల కిందట పెద్దవ్వ కూడా పట్టించుకోలేదు. పాదాల్లో మొదలైన తిమ్మిరి మూడు రోజుల్లో బొడ్డు దాకా వచ్చింది. మూత్రం ఆగితే గొట్టం వేయించుకుని మళ్లీ ఇంటికే వచ్చింది. కూర్చుని కూర్చుని నరం పట్టిందని అందరం అన్నాం. నూనె రాశాం. సరైన డాక్టర్ దగ్గరికి చేరేసరికి ఇరవై రోజులు గడిచాయి.

ఆ జబ్బు పేరు ట్రాన్స్‌వర్స్ మైలైటిస్. వెన్నుపాము ఒకచోట అడ్డంగా వాస్తుంది. ఆ చోటుకు కింద ఉన్న ఒంటికీ మెదడుకూ మధ్య కబుర్లు తెగిపోతాయి. చాలాసార్లు మన రోగనిరోధక శక్తే పొరబడి సొంత వెన్నుపాము మీద పడుతుంది. అరుదైన జబ్బు. మొదటి రోజుల్లోనే మందు పడాలి. పెద్దవ్వ మళ్లీ నడిచింది గానీ, ఎడమకాలు ఈడుస్తూనే నడిచింది.

అప్పటినుంచి ఆ వీధిలో ఎవరైనా తిమ్మిరి అంటే చాలు, ఆమె చాట పక్కన పెట్టేది. "లే. ఇంట్ల నాలుగు సుట్లు తిరుగు. తిమ్మిరైతే తిరిగితే పోవాలె. పోకపోతే అది తిమ్మిరి కాదు" అనేది. తర్వాత స్టీలు గ్లాసులో చల్లటి నీళ్లు పోసి పాదం నుంచి పైకి ఆనించుకుంటూ వచ్చేది. "సల్లగున్నదా? ఇక్కడ? ఇక్కడ?" చివరి ప్రశ్న ఎవరికైనా ఒకటే, మూత్రం సంగతి: "ఒంటికి ఎప్పుడు పోయినవ్?" ఆడవాళ్లు నవ్వేవాళ్లు. "డాక్టరమ్మ వచ్చింది, బోర్డు పెట్టుకోరాదూ" అని ఎగతాళి చేసేవాళ్లు. ఇరవై ఏళ్లలో అందరి తిమ్మిరీ తిరిగితే పోయింది. ఆమె మాత్రం అడగడం మానలేదు.

ఏడు వారాల కిందట ఒక మంగళవారం ఉదయం తొమ్మిదింటికి కరీంనగర్‌లో పేపరుకు వార్తలు రాసే నాకు ఫోన్ చేసింది.

"లావణ్యకు తిమ్మిరి రెండు దినాలైంది, పోతలేదు. నడుము సుట్టు దట్టీ బిగించినట్టున్నదంటంది. నిన్న మాపటికెల్లి ఒంటికి పోలే. బొడ్డు కింద గ్లాసు పెడ్తే సల్లగ తెలుస్తలేదు."

"నడుము నొప్పేమో పెద్దవ్వా, ముందు అక్కడే చూపించండి" అన్నాను.

"పేపరోనివి, అడగకుంటనే రాస్తవారా? నువ్వా పిల్లను అడిగినవా? నేను అడిగిన. డాక్టర్ను చూసి పెట్టు, మేం బయలెల్లుతున్నం."

లావణ్య అత్త తర్వాత చెప్పింది: ముందు కొండగట్టు గుడిలో మొక్కించి, ఆ తర్వాత దవాఖానాకు పోదామని తానే పట్టుబట్టిందట. పెద్దవ్వ కారు తలుపు తీసి పట్టుకుని, "కొండగట్టు తొవ్వలనే ఉన్నది. కార్ల కెల్లే చెయ్యెత్తి మొక్కు. బండి మాత్రం ఆపద్దు" అందట. జగిత్యాలలో మళ్లీ గ్లాసు పెట్టి చూస్తే చల్లదనం తెలియని చోటు బొడ్డుకు రెండు వేళ్లు పైకెక్కింది. "జర తొందరగ నడుపు బిడ్డా" అని డ్రైవర్‌తో అందట.

మధ్యాహ్నం పన్నెండున్నరకు డాక్టర్ ముందు పెద్దవ్వ చెప్పింది నాలుగు వాక్యాలు. ఎప్పుడు మొదలైంది, ఎక్కడిదాకా వచ్చింది, ఎంత తొందరగా ఎక్కుతోంది, మూత్రం ఎప్పటినుంచి లేదు. ముప్పై ఏళ్లుగా వార్తలు రాస్తున్నాను, అంత శుభ్రమైన మొదటి పేరా నాకెప్పుడో గాని పడలేదు. డాక్టర్ ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. మూడింటికి స్కాన్‌లో ఛాతీ ఎత్తున వెన్నుపాములో తెల్లటి మచ్చ కనిపించింది. నడుము నుంచి నీరు తీసి, వెన్నుపామును చుట్టి ఉండే పొరల్లో ఇన్‌ఫెక్షన్ లేదని తేల్చుకుని, సాయంత్రం ఐదున్నరకు స్టెరాయిడ్ డ్రిప్ ఎక్కించారు.

"కొందరు పూర్తిగా కోలుకుంటారు, కొందరు కోలుకోరు. ఇప్పుడే ఏమీ చెప్పలేను" అంది డాక్టర్. అప్పటికే పడిపోయిన లావణ్య కాళ్లు రెండు రోజులు కదల్లేదు. మూడో రోజూ కదల్లేదు.

నాలుగో రోజు పొద్దున ఎనిమిదిన్నరకు నేను వార్డులోకి వెళ్లేసరికి పెద్దవ్వ మంచం చివర కూర్చుని ఉంది. "కండ్లు మూస్కో. ఏ వేలు పట్టుకున్న?"

"చిటికెన వేలు."

"తప్పు. ఇప్పుడు?"

"బొటనవేలు... పెద్దవ్వా, బొటనవేలే గదా!"

"మరి దాన్ని లేపు."

కుడికాలి బొటనవేలు లేచింది. బియ్యపుగింజంత లేచిందేమో. లావణ్య అత్త మొహం కప్పుకుని ఏడ్చింది. పెద్దవ్వ కేకకు నర్సు పరుగెత్తుకొచ్చి కోప్పడబోతే, "ఎనక తిట్టు సిస్టరమ్మా, ముందు గిది సూడు!" అంది. నేను మెట్‌పల్లికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. అవతల బీడీ చాటలు దబదబా నేల మీద పెట్టిన చప్పుళ్లు, ఒక్కసారే పది గొంతులు. ఆ రోజు కారిడార్‌లో డాక్టర్ కోసం నేను పరుగెత్తాను. ఈ వయసులో ఏ వార్త కోసమూ అలా పరుగెత్తలేదు.

ఆ సాయంత్రం పెద్దవ్వ లావణ్య కాలు తన ఒడిలో పెట్టుకుని అంది: "నాకు ఇరవై దినాలు పోయినయ్ బిడ్డా. నీకు రెండే పోయినయ్. ఇగ నీకు ఫికర్ లేదు."

ఆ మాట నిజమో కాదో అప్పటికి ఎవరికీ తెలియదు. ఇప్పటికీ పూర్తిగా తెలియదు. లావణ్య వాకర్‌తో నడుస్తోంది. వాకర్ లేకుండా ఒక్క అడుగు కూడా ఇంకా వెయ్యలేదు.

ఈ సోమవారం పదిన్నరకు కరీంనగర్ ఫిజియోథెరపీ గదిలో మొదటిసారి వాకర్ పక్కన పెట్టిస్తారు. పది అడుగులు వెయ్యాలి. బీడీ ఆకును ముందు రోజే నానబెట్టాలి, లేకపోతే మర్నాడు పని ఉండదు. ఈ ఆదివారం ఆకు నానబెట్టేది లేదని ఆ వీధిలో నలుగురు ఆడవాళ్లు చెప్పేశారు. సోమవారం పొద్దున ఏడున్నర బస్సుకు వాళ్లూ లావణ్యతో వస్తున్నారు.